ముట్టడిలో చెల్లిన నాణెము

జమ్మలమడుగునకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱు గండి అంచున గండికోట నిలిచి యున్నది. ప్రొద్దుటూరినుండియు, పులివెందులనుండియు సెలవు దినములలో వచ్చు కుటుంబములు గండి లోతును తొంగిచూచి, ధాన్యాగారమును, జామా మసీదును, మాధవరాయస్వామి ఆలయమును చూచి, ప్రొద్దు వాలకముందే ఇండ్లకు మరలుచుందురు. మాధవరాయుని గర్భాలయములో నేడు మూర్తి లేదు. ఆ శూన్యమైన గర్భాలయము ముందు నిలిచినపుడెల్ల మాకొక పాత వృత్తాంతము జ్ఞప్తికి వచ్చును. అది కొలిమికి చేరిన దేవతా విగ్రహములను గూర్చినది. దాని వెంట ఒక ప్రశ్నయు వచ్చును. శత్రువు చుట్టుముట్టిన వేళ మనుష్యులు తమకడ నున్న లోహమును ఏమి చేయుదురు? ఫిరంగి పోయుదురా, నాణెము ముద్రింతురా? అట్లు ముద్రించిన నాణెము దేని బలముచే చెల్లును?

ముందు గండికోట మాట చెప్పుకొందము. 17వ శతాబ్ది నడుమ ఈ కోట పెమ్మసాని నాయకుల యధీనమున నుండెను. గోల్కొండ సుల్తానుకు మంత్రియు సేనానియు నైన మీర్ జుమ్లా దానిని ముట్టడించి గైకొనెను. మీర్ జుమ్లా పారశీక దేశమునుండి వచ్చి, వజ్రముల వ్యాపారమున ధనవంతుడై, మంత్రిపదవి కెక్కినవాడు. 1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆతనిని చూచుటకై గండికోటకు వచ్చెను. కోట బలమును ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథములో వర్ణించెను. కొండ పాదమున నది, ప్రక్కన పాతాళమువంటి లోయ. కొండమీద వరియు చిఱుధాన్యములును పండు పొలములు. వానిని తడుపు ఊటలు. మైదానము వైపున మాత్రమే ద్వారము, దానిని కాచుచు చెక్కుడు రాతి గోడలు. ఇట్టి చోట లోపలివారికి ఆకలి భయము తక్కువ. అయినను వారి చేతిలో రెండే ఇనుప ఫిరంగు లుండెనని ఆతడు వ్రాసెను. మీర్ జుమ్లా కొలువులోనో, డచ్చివారిని ఇంగ్లీషువారిని విడిచి వచ్చిన ఐరోపా గోలందాజులు ఉండిరి. పెద్ద ఫిరంగులను కొండ యెక్కించినచో అదనపు జీతము లిత్తునని నవాబు వారికి ఆశ చూపెనట. కోట ఆ ఫిరంగులకే లొంగెను.

గెలిచిన వానికి మరిన్ని ఫిరంగులు కావలసివచ్చెను. బూర్జ్ నగరమునుండి వచ్చిన క్లోద్ మైయే అను ఫ్రెంచివాడు వానిని పోతపోయుటకు నియుక్తుడయ్యెను. ఇరువది ఫిరంగులు పోయవలెనని ఆజ్ఞ. అందు పది 48 పౌనుల గుండ్లు విసరునవి, పది 24 పౌనులవి. అంత రాగి ఎక్కడిది? నవాబు నలుదిక్కుల ఆలయములనుండి విగ్రహములను తెప్పించెను. టావెర్నియే కథనము ప్రకారము మైయే వానినన్నిటిని కరగించెను గాని, గండికోట ఆలయములోని ఆరు పెద్ద రాగి మూర్తులు మాత్రము కరగలేదు. అర్చకులు మంత్రము వేసిరని నవాబు వారిని బెదరించెను. ఎంత ధనము వెచ్చించినను ఫలము లేకపోయెను. చివరకు మైయే పోసినది ఒకే ఫిరంగి. అదియు పరీక్షలోనే పగిలెను. మిగిలిన పని విడిచి ఆతడు కొలువునుండి వెడలిపోయెను. భక్తులు దీనిని దైవమహిమ అందురు. లోహకారులు కొలిమి వేడి చాలలేదందురు, లేదా పాళ్లు కుదరని మిశ్రమలోహ మందురు. మేము ఆ వాదమునకు దిగము. ఊరూర తరతరములుగ పూజలందుకొన్న లోహము, ఒక ప్రభువు అవసరమునకు పనికిరాని గొట్టమై పోయెనన్న మాట మాత్రము మరువరానిది.

ఇందొక మాటల చమత్కారము కలదు. ఆ కాలపు ఐరోపావారి వాడుకలో ‘పగోడా’ అను పదమునకు మూడు అర్థములుండెను. గుడియు పగోడాయే, గుడిలోని విగ్రహమును పగోడాయే, మన వరహాయు పగోడాయే. విజయనగర ప్రభువుల వరహాపై దేవతారూప ముండెడిది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోను తెలుగు సీమ వర్తకులు ఆ పాత తీరు బంగారు నాణెమునే ‘హొన్ను’ అనియు ‘వరహా’ అనియు వాడుచుండిరి. అందుచే టావెర్నియే చెవికి కొలిమిలో పడినదియు, షరాబు బల్లపై మ్రోగినదియు ఒకే పేరు గలవి. ఒకే లోహము ఒకచోట దేవుడగును, ఒకచోట ధనమగును, మరొకచోట మారణాయుధ మగును. ఏది ఏమగునో నిర్ణయించునది ఆపత్కాలము.

ఇక నాణెము మాట. ముట్టడిలో పడిన నగరమునకు తిండి, నీరు, మందుగుండు కావలెనని అందరు ఎరుగుదురు. నాణెము కావలెనని చాలమందికి తోచదు. కాని పని జరుగు తీరును చూడుడు. కోట కాచు సైనికునకు వారము వారము జీతము ముట్టవలెను. ఆ జీతముతో ఆతడు రొట్టె కొనును. రొట్టెలు కాల్చువాడు పిండి కొనును. పిండి వర్తకుడు పన్ను కట్టును. ఆ పన్ను మరల ఖజానాకు చేరి జీతమగును. ఇది ఏతమువంటి చక్రము. ముట్టడి ప్రారంభమైన నాడే బయటి వర్తకము నిలిచిపోవును. క్రొత్త వెండి లోపలికి రాదు. ఉన్న వెండిని గృహస్థులు గోడలలోను నేలలోను దాచుకొందురు. చక్రము నిలిచిపోవును. జీతము ముట్టని సైనికుడు కొన్నాళ్లు ఓర్చుకొనును. పిమ్మట తాను కాచుచున్న ఇంటినే దోచుకొనును, లేదా తలుపు తెరచి శత్రువును పిలుచును. ఆ గతి పట్టకుండుటకే ముట్టడి నాణెములు పుట్టెను.

ఈ మార్గమునకు మిక్కిలి పాత యుదాహరణము ఏథెన్సు. స్పార్టాతో సాగిన దీర్ఘయుద్ధములో, క్రీ. పూ. 413లో శత్రువులు నగర సమీపమున డెసీలియాలో కోట కట్టుకొని కూర్చుండిరి. లారియము వెండిగనులలో పని నిలిచెను. క్రీ. పూ. 406 నాటికి ఏథెన్సువారు తమ దుర్గాలయములోని బంగారు విజయలక్ష్మీ ప్రతిమలను కరగించి బంగారు నాణెములు ముద్రించిరి. నిత్యవ్యవహారమునకు రాగిపై వెండిపూత పూసిన నాణెములను విడిచిరి. అరిస్టోఫనీసు తన ‘కప్పలు’ అను నాటకములో ఈ క్రొత్త నాణెములను ఎగతాళి చేసెను. నగరము క్రీ. పూ. 404లో లొంగిపోయెను, అయినను ఆ ప్రతిమల బంగారముతో ఓడలు కట్టిరి, నావికులకు జీతము లిచ్చిరి. గండికోటలో విగ్రహములను తెచ్చినది గెలిచిన పరదేశి. ఏథెన్సులో తమ దేవతలను కరగించినవారు ఆ దేవతలను కొలిచిన పౌరులే. ఈ భేదమును మనము గుర్తుంచుకొనవలెను.

1529లో తురుష్క సుల్తాను సులేమాను వియన్నాను ముట్టడించినపుడు లోపలివారు చదరపు నాణెములు ముద్రించిరి. గుండ్రని బిళ్లలు తయారుచేయుటకు తీరిక లేదు. వెండిరేకును కత్తెరతో చదరముగ కోసి ముద్ర కొట్టిన చాలును, తరుగు పోదు. తురుష్కులు వియన్నాను ముట్టడించిరన్న మాటయు, సంవత్సరమును వానిపై చెక్కిరి. ఇంగ్లండులో 1645–46లో రాజపక్షము వారు నిలుపుకొన్న న్యూఆర్కు పట్టణమును పార్లమెంటు సేన ముట్టడించెను. లోపలివారు ఇండ్లలోని వెండి పళ్లెరములను పలకలుగ కోసి, మూలలు నిగిడిన బిళ్లలపై రాజకిరీటమును, వెలను ముద్రించిరి. తొమ్మిది పెన్నీలు, పన్నెండు పెన్నీలు, ముప్పది పెన్నీలు అని వెల అంకెలలో కనబడును. కొన్ని బిళ్లలపై పాత పళ్లెరపు నగిషీ యింకను చెరగక నిలిచి యున్నది. ఎవరి యింటి విందులోనో మెరసిన పళ్లెము సైనికుని జీతమైనదని అట్టి బిళ్ల తానే చెప్పుచుండును.

అన్నిటికంటె విచిత్రమైనది హాలెండు దేశములోని లైడెను కథ. 1573–74లో స్పెయిను సేన ఆ నగరమును ముట్టడించెను. లోహము చాలక నగర పెద్దలు చర్చి ప్రార్థనా గ్రంథముల కాగితమును అతికించి దళసరి చేసి, గుండ్రముగ కోసి, నాణెపు అచ్చులతో ముద్ర కొట్టిరి. స్వాతంత్ర్యము కొరకే ఇది యను అర్థమిచ్చు లాటిను మాటలు వానిపై నుండెను. అనగా ఐరోపాలో నోట్ల బ్యాంకులు పుట్టకముందే ఆకలిలో నున్న ఒక నగరము కాగితపు నాణెమును చెల్లించెను. తరువాతి ముట్టడిలో వేలమంది ఆకలికిని రోగమునకును బలియైరి. చివరకు గట్లు తెంపి సముద్రపు నీటిని పొలములపైకి విడిచి, ఆ నీటిపై పడవలు నడిపి, 1574 అక్టోబరు 3వ తేదీన నగరమును విడిపించిరి. మరుసటి యేడు 1575లో ఆ నగరమున విశ్వవిద్యాలయము వెలసెను. అది నేటికిని ప్రసిద్ధముగ నున్నది.

కాగితము తినుటకు రాదు, కరగించినచో బూడిద యగును. అయినను లైడెనులో రొట్టెలు కాల్చువాడు దానిని పుచ్చుకొనెను. ఎందుచేత? మన తెలుగు మాటలోనే దీనికి సమాధానము కలదు. మాట చెల్లినది అందుము, నాణెము చెల్లినది అందుము. రెండింటికి ఒకే క్రియ. నమ్మదగిన సరకును నాణ్యమైనది అందుము. ఆ మాటయు నాణెమునకు చుట్టమే. సామాన్యకాలములో నాణెములోని వెండియే దాని మాటకు జామీనుగ నుండును. ముట్టడిలో ఆ జామీను తొలగిపోవును. మాట ఒక్కటే మిగులును. ‘రేపు ఈ ముట్టడి తీరును, తీరిన నాడు దీనికి బదులు మంచి వెండి ఇత్తుము’ అన్నదే ఆ మాట.

ఈ మాటను తేటగ వ్రాసి యిచ్చినది దక్షిణాఫ్రికాలోని మెఫెకింగు పట్టణము. బోయరు యుద్ధములో 1899 అక్టోబరునుండి 1900 మే వరకు, 217 దినములు ఆ పట్టణము ముట్టడిలో నుండెను. చిల్లర మాయము కాగా సేనాని బేడెన్ పవెల్ నోట్లు వేయించెను. పౌనునోటు చిత్రమును ఆతడే గీసెను. నీలివర్ణపు ఛాయాచిత్ర పద్ధతిలో దానిని అచ్చువేసిరి. సామాన్యపాలన మరల నెలకొన్న పిమ్మట స్టాండర్డు బ్యాంకులో వీనికి నాణెము లిత్తురని నోటుపైననే వ్రాసిరి. ముట్టడి తీరిన తరువాత పలువురు ఆ నోట్లను మార్చుకొనక జ్ఞాపికలుగ దాచుకొనిరి. కాని ఈ కథలో చీకటి భాగమును విడువరాదు. ఆ పట్టణమునందే యున్న నల్లజాతి ప్రజలకు ఆహారపు పంపిణీలో అన్యాయము జరిగెను. వారిలో అనేకులు ఆకలిచే మరణించిరి, పలువురు బయటికి వెడలగొట్టబడిరి. నోటుపైని మాట కొందరికే చెల్లినది.

ఇపుడు మరల తెలుగు సీమకు వత్తము. ఇచ్చట మహాముట్టడి యనగా 1687 నాటి గోల్కొండ ముట్టడియే. ఔరంగజేబు స్వయముగ సేన నడిపి సుమారు ఎనిమిది మాసములు కోటను చుట్టుముట్టెను. అంతకు కొలది యేండ్లముందు, హిజ్రీ 1095లో, అనగా 1683–84లో, తానీషా వేయించిన రాగినాణెములపై శుభముగను సౌభాగ్యముతోను ముగిసినదని అర్థమిచ్చు వాక్యము కలదు. ఆ రాజ్యము ముగిసిన తీరు తెలిసిన మనకు ఆ మాటలు చదువగనే మనసు చివుక్కుమనును. గోల్కొండ ధనలోపముచే పడలేదు. వజ్రముల నగరమునకు ధనలోప మేమి? ముట్టడించిన మొగలు దండులోనే కరవును రోగమును ప్రబలెను. కోటను కూల్చినది మరియొక విధమైన ధనము. అబ్దుల్లా ఖాన్ పణి అను సేనాని లంచమునకు లోబడి, సెప్టెంబరు మాసమున ఒక రాత్రి దిడ్డివాకిలి తెరచెను. అదే కోటలో అబ్దుల్ రజాక్ లారీ యను మరొక సేనాని యుండెను. మొగలు చక్రవర్తి గొప్ప మన్సబు నిత్తునని పంపిన ఫర్మానాను ఆతడు అందరు చూచుచుండగ చించివేసెను. వాకిలి తెరచిన రాత్రి ఒంటిగ పోరాడి, ఒడలెల్ల గాయములతో పడెను. ఒక కోట, ఒక కాలము, ఇద్దరు సేనానులు. ఒకనికడ బయటివాని సొమ్ము చెల్లినది, రెండవవానికడ చెల్లలేదు. ఏ టంకసాలయు ముద్రింపలేని నాణ్యము రెండవవానిది.

ముట్టడి యనగా కోటగోడ చుట్టును సేన నిలుచుట మాత్రమే యని తలపరాదు. రెండవ ప్రపంచయుద్ధములో దేశమునకే అట్టి యిక్కట్టు కొంత కలిగెను. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడెను. సముద్రమార్గములు భయగ్రస్తములయ్యెను. రాగి గుండ్లకు తూటాలకు కావలసివచ్చెను. జనులు వెండి రూపాయలను దాచుకొనసాగిరి. 1940లోనే ప్రభుత్వము అవసరమునకు మించి నాణెములు కూడబెట్టరాదని శాసించెను. రూపాయి నోటును మరల తెచ్చెను. రూపాయిలో పండ్రెండింట పదునొకండు పాళ్లుగ నున్న వెండిని సగమునకు తగ్గించెను. 1941లో విక్టోరియా రాణి బొమ్మగల రూపాయలు చెల్లుట నిలిచిపోయెను. 1942లో నికెలు కలిసిన ఇత్తడితో అర్ధణా, అణా, బేడ బిళ్లలు వచ్చెను. అయినను చిల్లర చాలలేదు. కచ్ఛము, మోర్వీ మొదలైన పడమటి సంస్థానములు చిల్లరకు బదులు చిన్న కాగితపు చీట్లను విడిచెను. లైడెను కాగితము మూడున్నర శతాబ్దుల పిమ్మట మన దేశములో మరల కనబడెను!

1943లో వచ్చినది చిల్లు కానీ. అంతకుముందు కానీ బిళ్ల సుమారు 5 గ్రాముల కంచు. క్రొత్త కానీ సుమారు 2 గ్రాములే. నడుమ పెద్ద రంధ్రము. లోహమును మిగుల్చుటకే ఆ రంధ్రము. ఆ మిగిలిన లోహము యుద్ధమునకు పోయెను. పల్లెలలో జనులు మొదట నవ్విరి. ‘చిల్లుపడినది చెల్లునా’ యనిరి. కాని అంగడివాడు పుచ్చుకొనెను, పన్ను వసూలు చేయువాడు పుచ్చుకొనెను, కానీ చెల్లినది. తల్లులు దానిని పసిపిల్లల మొలత్రాటికి కట్టిరి. దారమునకు గ్రుచ్చి దండలుగ దాచుట సులభమాయెను. 1947 వరకు ఆ బిళ్లలు వచ్చుచుండెను. యుద్ధకాలమున అమెరికానుండి మన దేశము నాణెముల కొరకు వెండి అప్పు తెచ్చుకొనెను. స్వతంత్ర భారతము పాత వెండినాణెములను వెనుకకు తీసి, శుద్ధిచేసి, 1957లో ఆ బాకీ తీర్చెను. ఇచ్చిన మాట అట్లు చెల్లినది.

ప్రొద్దుటూరు నేడు బంగారు వర్తకమునకు పేరెన్నిక గన్న పట్టణము. అచ్చటి షరాబు గీటురాయిమీద గీచి లోహపు వన్నె చెప్పగలడు. కాని ముట్టడి నాణెమును గీటురాయి పరీక్షింపజాలదు. దానికి గీటురాయి ముట్టడి తీరిన మరునాడు. ఆ నాడు పెద్దలు మాట నిలుపుకొందురా, మరతురా యను దానినిబట్టియే అది మంచిదో చెడ్డదో తేలును. గండికోటలో ఊరివారి విగ్రహములను తీసికొన్న ప్రభువు వారికి ఏ మాటయు ఇచ్చినట్లు టావెర్నియే వ్రాయలేదు. పగిలిన ఫిరంగి యొక్కటే ఆతని వ్రాతలో మిగిలెను. లైడెనులో కాగితపు బిళ్ల నిచ్చిన పెద్దలు, పుచ్చుకొన్న పేదలు ఒకే గోడలోపల ఒకే ఆకలిని పంచుకొనిరి. ఆపత్కాలమున ప్రజలకడ లోహము కోరువాడు తానును ఆ గోడలోపలనే యున్నాడా యని అడుగుట చరిత్ర మనకు నేర్పిన విచారణ.

పాతపెట్టె అడుగున మీ యింట చిల్లు కానీ యొకటి కనబడినచో పారవేయకుడు. మీ పిల్లలకు చూపుడు. ఆ రంధ్రములోనుండి వారు చూడదగిన దూరము చాల కలదు.